బాణం పక్కన అంకె: ఫ్రీ రాడికల్ చర్యల వేగాలు

(భీమవరంలో పీజీ రసాయన శాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇవాళ మాట్లాడబోయేది ఫ్రీ రాడికల్ శృంఖల చర్యల గురించి, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువులు, పరమాణువులు గొలుసుగా నడిపే చర్యల గురించి. పేరు మీకు కొత్తది కాదు. మీథేన్ క్లోరినేషన్ ఇంటర్మీడియట్‌లోనే చదివారు. ఇనీషియేషన్ (పుట్టుక), ప్రాపగేషన్ (కొనసాగింపు), టెర్మినేషన్ (ముగింపు) అని మూడు శీర్షికలు పెట్టి, చేప గాలం లాంటి సగం బాణాలు గీసి, మార్కులు తెచ్చుకున్నారు. ఆ బాణాలు సరైనవే. అయితే ప్రతి బాణం పక్కనా ఒక అంకె ఉండాలి. ఆ మెట్టు ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే అంకె, అదే రేటు స్థిరాంకం. మన క్లాసుల్లో దాన్ని ఫిజికల్ కెమిస్ట్రీ పేపరుకు వదిలేసి, ఆర్గానిక్ పేపరులో బాణాలు మాత్రం ఉంచుకున్నాం. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న సంగతి. రాడికల్ చర్యలో ఫ్లాస్కులో చివరికి ఏం మిగులుతుందో తేల్చేది ఆ అంకే. అది తెలిస్తే కాగితం మీదే దిగుబడి అంచనా వేయొచ్చు. తెలియకపోతే పాత పద్ధతిని చూసి కాపీ చేయడం, రాకపోతే వదిలేయడం, అంతే.

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ఫోన్లలో కాలిక్యులేటర్ తీయండి.

టోలీన్ అనే ద్రావణిలో ఏఐబీఎన్ (వేడికి విరిగి రాడికల్స్ ఇచ్చే పదార్థం) వేసి 80 డిగ్రీల దగ్గర ఉంచాం. గాఢత 0.01 మోలార్ (లీటరుకు 0.01 మోల్) అనుకుందాం. ఆ ఉష్ణోగ్రతలో ఏఐబీఎన్ సగం విరిగిపోవడానికి గంటన్నర లోపు పడుతుంది. ఒక్కో అణువు విరిగితే రెండు రాడికల్స్ వస్తాయి, కానీ అన్నీ బయటపడవు. ద్రావణి అణువుల మధ్య ఇరుక్కుని కొన్ని అక్కడికక్కడే కలిసిపోతాయి. పనికొచ్చేవి సుమారు 60 శాతం. ఇవన్నీ కలిపి లెక్కిస్తే సెకనుకు లీటరులో పుట్టే రాడికల్స్ ఒక మోల్‌లో పది లక్షలవ వంతుకు దాదాపు రెండింతలు. ఇక చావు సంగతి. రెండు రాడికల్స్ ఎదురుపడితే దాదాపు ప్రతిసారీ కలిసిపోతాయి. ఆ రేటు స్థిరాంకం సుమారు 200 కోట్లు. (యూనిట్లు లీటరు, మోల్, సెకను. ఇక ముందు ప్రతిసారీ చెప్పను.) పుట్టుక, చావు సమానమైన స్థితిలో రాడికల్ గాఢత ఎంత? పుట్టుక రేటును చావు స్థిరాంకంతో భాగించి వర్గమూలం తీయండి. మోలార్‌లో 10 కోట్ల వంతులు చేస్తే అందులో మూడు వంతులు వస్తుంది. ఏ క్షణంలో చూసినా ఫ్లాస్కులో ఉండేది అంత తక్కువ.

ఒక్కో రాడికల్ ఎంతసేపు బతుకుతుంది? గాఢతను పుట్టుక రేటుతో భాగిస్తే సెకనులో అరవయ్యో వంతు. మనకు అది రెప్పపాటు కూడా కాదు. కానీ హైడ్రోజన్‌ను తేలిగ్గా వదిలే ట్రైబ్యుటైల్ టిన్ హైడ్రైడ్ 0.05 మోలార్ గాఢతలో పక్కనే ఉంటే కార్బన్ రాడికల్ దాని నుంచి సెకనుకు మూడు లక్షల సార్లు హైడ్రోజన్ లాక్కోగలదు. అంటే ఆ అరవయ్యో వంతు సెకనులో చక్రం ఐదు వేల సార్లు తిరుగుతుంది. ఇది ఆదర్శ లెక్క, నిజం ఫ్లాస్కులో తగ్గుతుంది. అయినా ఒక పుట్టుకకు వేల సంఖ్యలో ఉత్పన్నం రావడం ఎలా సాధ్యమో ఇక్కడే అర్థమవుతుంది. అందుకే ఏఐబీఎన్ ఐదు, పది శాతం వేస్తే చాలు.

ఆ వర్గమూలం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. ఏఐబీఎన్ రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, 1.4 రెట్లే అవుతుంది. వేగం రెట్టింపు కావాలంటే నాలుగు రెట్లు వేయాలి. అప్పుడు గొలుసు పొడవు, అంటే ఒక పుట్టుకకు చక్రం తిరిగే సార్లు, సగానికి పడిపోతుంది. గొలుసు పొట్టిదైన కొద్దీ రాడికల్స్ ఒకదానితో ఒకటి కలిసి తయారయ్యే చెత్త పెరుగుతుంది. చర్య నడవడం లేదని ఇంకో చెంచాడు ఏఐబీఎన్ వేసే అలవాటు ప్రతి ల్యాబులో ఉంది. వేసే ముందు ఈ వర్గమూలం గుర్తు తెచ్చుకోండి.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. 1900లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబెర్గ్ ట్రైఫినైల్‌మీథైల్ రాడికల్‌ను చూపించాడు. 1913లో జర్మనీలో మాక్స్ బోడెన్‌స్టైన్ హైడ్రోజన్, క్లోరిన్ మిశ్రమం మీద కాంతి వేసి చూస్తే ఒక్క ఫోటాన్‌కు లక్షల కొద్దీ హైడ్రోజన్ క్లోరైడ్ అణువులు లెక్క తేలాయి. ఒక ఫోటాన్ ఒక అణువునే కదిలించాలి, మరి మిగతావి ఎలా వచ్చాయి? క్లోరిన్ పరమాణువు, హైడ్రోజన్ పరమాణువు ఒకదాన్నొకటి పుట్టిస్తూ పోతాయని 1918లో నెర్న్‌స్ట్ చెప్పాడు. ఇప్పుడు మీరు గీసే ప్రాపగేషన్ బాణాలు అవే. శృంఖల చర్యల కైనెటిక్స్ మీద పనిచేసిన సెమెనోవ్, హిన్షెల్‌వుడ్‌లకు 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. గమనించండి, ఈ విషయం మొత్తం కొలతల నుంచి పుట్టింది. బాణాలు తర్వాత వచ్చాయి.

ఇప్పుడు మీకు బాగా కంఠస్థమైన ఖరాష్ ప్రభావం. 1933లో షికాగోలో ఖరాష్, మేయో అల్లైల్ బ్రోమైడ్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపి చూశారు. పెరాక్సైడ్లు లేకుండా జాగ్రత్తపడితే మెల్లగా 1,2-డైబ్రోమోప్రొపేన్, పెరాక్సైడ్ ఉంటే చాలా వేగంగా 1,3-డైబ్రోమోప్రొపేన్. ఒకే సీసాలో రెండు దారులున్నాయి. అయానిక్ దారి మూసుకుపోలేదు, అది తన నెమ్మదిలో తాను నడుస్తూనే ఉంది. రాడికల్ గొలుసు మొదలైతే దాన్ని దాటిపోతుంది, అంతే. మరి హైడ్రోజన్ క్లోరైడ్‌కు, హైడ్రోజన్ అయొడైడ్‌కు పెరాక్సైడ్ ప్రభావం ఎందుకు లేదు? పరీక్షలో ‘లేదు’ అని రాసి వదిలేస్తాం. కారణం చూడండి. గొలుసు తిరగాలంటే రెండు మెట్లూ వేగంగా ఉండాలి. హైడ్రోజన్ క్లోరైడ్‌లో బంధ శక్తి సుమారు 431 కిలోజౌళ్లు. కార్బన్ రాడికల్ దాన్ని తెంచి హైడ్రోజన్ తీసుకుంటే వచ్చేది అంతకంటే బలహీనమైన బంధం. నష్టపు బేరం కాబట్టి రెండో మెట్టు నెమ్మదిస్తుంది. హైడ్రోజన్ అయొడైడ్‌లో బంధం 299, తేలిగ్గా తెగుతుంది. కానీ అక్కడ మొదటి మెట్టు ఇబ్బంది: అయొడిన్ పరమాణువు ద్విబంధానికి అతుక్కోవడమే ఎక్కుడు దారి. హైడ్రోజన్ బ్రోమైడ్ బంధం 366. రెండు మెట్లూ దిగుడే. ఒక్క మెట్టు నెమ్మదిస్తే చాలు, ఆ కాస్త ఆలస్యంలో రాడికల్స్ ఒకదానికొకటి ఎదురుపడి గొలుసు తెగిపోతుంది.

ఇక అసలు విషయానికొద్దాం. సింథసిస్‌లో రాడికల్స్‌ను ఎక్కువగా వాడేది వలయాలు కట్టడానికి. 6-బ్రోమో-1-హెక్సీన్ తీసుకోండి. హైడ్రోజన్ పోగొట్టుకున్న టిన్ హైడ్రైడ్, అంటే టిన్ రాడికల్, వచ్చి బ్రోమిన్‌ను లాక్కుంటుంది. మిగిలేది 5-హెక్సినైల్ రాడికల్. దీని ముందు రెండు దారులు. తనలో తాను వంగి తన ద్విబంధాన్నే అందుకుంటే ఐదు కార్బన్ల వలయం, చివరికి మీథైల్‌సైక్లోపెంటేన్. వంగేలోపు టిన్ హైడ్రైడ్ నుంచి హైడ్రోజన్ అందితే మామూలు 1-హెక్సీన్. ఆరు కార్బన్ల వలయం కూడా రావచ్చు, కానీ అది నూటికి రెండు వంతులే. అటు వెళ్తే వచ్చేది సెకండరీ రాడికల్, ఎక్కువ స్థిరమైనది. అయినా ఐదు వలయమే గెలుస్తుంది, ఎందుకంటే అక్కడికి చేరే వంపు సులువు. స్థిరత్వం చూసి ఉత్పన్నం చెప్పే అలవాటును ఈ ఒక్క ఉదాహరణ వదిలిస్తుంది.

80 డిగ్రీల దగ్గర అంకెలు రాయండి. వలయం కట్టే రేటు స్థిరాంకం సెకనుకు సుమారు 15 లక్షలు. టిన్ హైడ్రైడ్ నుంచి హైడ్రోజన్ తీసుకునేది సుమారు 60 లక్షలు. రెండోది పెద్దది కదా, వలయం ఓడిపోతుందని తొందరపడకండి. మొదటిది ఒకే అణువు లోపల జరిగేది, గాఢతతో పని లేదు. రెండోదాన్ని టిన్ హైడ్రైడ్ గాఢతతో గుణించాలి.

పంట కాలువ మీద రెండు తూములున్నాయనుకోండి. ఒకదానికి తలుపు లేదు, ఎప్పుడూ ఒకే వెడల్పు. రెండోదానికి తలుపుంది. మొదటి తూము కింది చేలకు నీళ్లు ఎక్కువ వెళ్లాలంటే లస్కరు మొదటి తూమును ఏమీ చేయడు, రెండో తూము తలుపు దించుతాడు. మన చేతిలో ఉన్న ఆ తలుపు టిన్ హైడ్రైడ్ గాఢత.

ఎంత దించాలో చూద్దాం. 0.5 మోలార్ ఉంటే రెండో దారి సెకనుకు 30 లక్షలు, మొదటిది 15 లక్షలు. వలయం మూడింట ఒక వంతే. 0.05 మోలార్‌కు దించితే రెండో దారి మూడు లక్షలకు పడుతుంది. వలయం 83 శాతం. 0.01కి దించితే 60 వేలు. వలయం 96 శాతం. అణువు అదే, టిన్ హైడ్రైడ్ అదే, బాణాలు అవే. మారింది పలచదనం ఒక్కటే. పాత పద్ధతుల్లో ‘పలుచని ద్రావణం, సిరంజి పంపుతో నెమ్మదిగా కలపాలి’ అని రాసి ఉంటుంది కదా, అది ఇందుకే. పంపు సిరంజిలోంచి ఒక్కో చుక్క వేడి టోలీన్‌లో పడుతుంది. తర్వాతి చుక్క పడేలోపు ముందు చుక్క ఖర్చయిపోతుంది. సిరంజిలో ఎంత గాఢంగా ఉన్నా, ఫ్లాస్కులో టిన్ హైడ్రైడ్ ఎప్పుడూ అడుగంటే ఉంటుంది. ఓపిక లేక సిరంజిలో మిగిలినదంతా ఒక్కసారి కలిపేస్తే, ఆ నిమిషంలో తలుపు పూర్తిగా ఎత్తేసినట్టే.

ఉష్ణోగ్రతా మన పక్షమే. వలయం కట్టడానికి దాటాల్సిన శక్తి గట్టు సుమారు 29 కిలోజౌళ్లు, హైడ్రోజన్ తీసుకోవడానికి 15. గట్టు ఎత్తుగా ఉన్నదానికే వేడి ఎక్కువ సాయం చేస్తుంది. 25 డిగ్రీల దగ్గర అదే 0.05 మోలార్‌లో వలయం మూడింట రెండు వంతులు. 80కి తీసుకెళ్తే ఇందాక చూసిన 83.

ఈ అంకెల బలం మీదే పెద్ద అణువులు కట్టారు. 1975లో బార్టన్, మెకాంబీ ఆల్కహాల్ నుంచి ఆక్సిజన్‌ను తీసేసే రాడికల్ పద్ధతి ఇచ్చారు. అది ఈరోజుకీ వాడుకలో ఉంది. 1985లో డెనిస్ కుర్రన్ హిర్సుటీన్ అనే సహజ పదార్థంలో రెండు వలయాలను ఒకే గొలుసులో ఒకదాని వెంట ఒకటి కట్టాడు. మన దేశంలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎ. శ్రీకృష్ణ బృందం టెర్పీన్ల నిర్మాణంలో రాడికల్ సైక్లైజేషన్లను ఎంతో వాడింది. ఆ పేపర్లు చదివేటప్పుడు పక్కన పెన్సిల్ పెట్టుకుని, ప్రతి మెట్టులో రాడికల్‌కు ఉన్న మిగతా దారులేమిటో రాయండి. రచయితలు ఆ గాఢతే ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. సెకనులో లక్షల వంతులో జరిగేవాటి వేగాలు కొలిచిందెలా? మొదటి కొలతలు లేజర్ పల్స్‌తో, ఈఎస్ఆర్ యంత్రాలతో (జత లేని ఎలక్ట్రాన్లను పసిగట్టేవి) కష్టపడి తీశారు. కానీ ఒక్క రాడికల్ వేగం కచ్చితంగా తెలిస్తే చాలు, అదే గడియారమవుతుంది. కెనడాలో ఒట్టావా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో గ్రిల్లర్, ఇన్‌గోల్డ్ 1980లో ఈ ‘రాడికల్ గడియారాల’ పద్ధతిని క్రోడీకరించారు. సైక్లోప్రొపైల్‌మీథైల్ రాడికల్ గది ఉష్ణోగ్రతలో సెకనుకు సుమారు 10 కోట్ల వేగంతో తన మూడు కార్బన్ల వలయాన్ని విప్పుకుంటుంది. మీ దగ్గర కొత్త హైడ్రోజన్ దాత ఉంది, దాని వేగం ఎవరికీ తెలియదు. ఒక మోలార్ గాఢతలో దాన్ని ఈ రాడికల్‌తో పోటీకి పెట్టండి. గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో విప్పుకున్నదీ విప్పుకోనిదీ సమానంగా వస్తే మీ దాత స్థిరాంకం కూడా 10 కోట్లే. మూడు ఒకటి నిష్పత్తిలో వస్తే దానికి తగ్గట్టు భాగించండి. లేజర్ లేదు, ఖరీదైన యంత్రం లేదు. రెండు శిఖరాల వైశాల్యాలు చాలు. చిన్న ఊళ్ల కాలేజీల్లో కూడా చేయగల కైనెటిక్స్ ఇది.

ఇప్పుడు ఆక్సిజన్. మీలో చాలామంది ఇళ్లకు రొయ్యల చెరువులున్నాయి. డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, ఇక్కడ పదో తరగతి పిల్లలకూ తెలుసు. తెల్లవారుజామున డీఓ లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందకు దిగితే ఇంటిల్లిపాదికీ టెన్షన్, వెంటనే ఏరియేటర్లు వేస్తారు. 30 డిగ్రీల దగ్గర గాలితో పూర్తిగా నిండిన మంచినీటిలో లీటరుకు ఉండే ఆక్సిజన్ ఏడున్నర మిల్లీగ్రాములు. మోల్స్‌లోకి మారిస్తే పావు మిల్లీమోలార్ కంటే కాస్త తక్కువ. అదే గాలికి వదిలేసిన టోలీన్‌లో సుమారు రెండు మిల్లీమోలార్ ఉంటుంది, ఎనిమిది రెట్లకు పైగా. కంటికి కనిపించని ఆ రెండు మిల్లీమోలార్ ఏం చేస్తుందో చూడండి. కార్బన్ రాడికల్, ఆక్సిజన్ కలిసే స్థిరాంకం సుమారు 200 కోట్లు. గాఢతతో గుణిస్తే సెకనుకు 40 లక్షలు. గది ఉష్ణోగ్రతలో 0.01 మోలార్ టిన్ హైడ్రైడ్ సెకనుకు 24 వేలు. అంటే ఆక్సిజన్ 160 రెట్లకు పైగా ముందుంటుంది. అందుకే నైట్రోజన్‌ను అరగంట బుడగలుగా పంపడం, లేదా గడ్డకట్టించి, వాక్యూమ్ పెట్టి, కరిగించడం. అది ఆచారం కోసం చేసే పని కాదు. నైట్రోజన్ బెలూన్‌ను ఫ్లాస్కు మూత మీద పెట్టేసి ఊరుకుంటే ద్రావణంలోపలి ఆక్సిజన్ అలాగే ఉంటుంది.

ఇదే ఆక్సిజన్ గొలుసును ముందుకు నడిపించే చోటు ఒకటుంది. నూనెలు పాతబడటం. మన ప్రాంతానికి ఇది సొంత విషయం. కోనసీమలో కొబ్బరి నూనె, ఇక్కడ రొయ్యల మేతలో చేప నూనె. కార్బన్ రాడికల్ ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సీ రాడికల్ అవుతుంది, 200 కోట్ల వేగంతో. ఆ పెరాక్సీ రాడికల్ తర్వాతి కొవ్వు అణువు నుంచి హైడ్రోజన్ తీసుకోవాలి. రెండు ద్విబంధాలున్న లినోలియేట్ అనే కొవ్వులో ఆ స్థిరాంకం 30 డిగ్రీల దగ్గర ఎంతో తెలుసా? 62. కోట్లు లేవు, లక్షలు లేవు, అరవై రెండు. అంత తేడా ఉన్నప్పుడు మొత్తం వేగాన్ని శాసించేది ఈ నెమ్మది మెట్టే. ఆక్సిజన్ గాఢత ఆ సమీకరణంలో కనిపించనే కనిపించదు. కాబట్టి మేత బస్తాలోనో నూనె డబ్బాలోనో గాలి సగం తగ్గిస్తే ఆక్సీకరణ వేగం సగం తగ్గుతుందనుకోకూడదు. ఆక్సిజన్ దాదాపు అయిపోయేదాకా వేగం అలాగే ఉంటుంది.

62 అనేది రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న సీహెచ్2 వల్ల వచ్చిన అంకె. అక్కడి హైడ్రోజన్ తేలిగ్గా ఊడుతుంది. ఓలియేట్‌లో అలాంటి చోటు లేదు, స్థిరాంకం ఒకటి దగ్గరుంటుంది. లినోలెనేట్‌లో రెండున్నాయి, దాదాపు రెట్టింపు. చేప నూనెలోని డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లంలో ఐదున్నాయి. కొబ్బరి నూనెలో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వులే కాబట్టి ఈ దారిలో అది చాలాకాలం నిలుస్తుంది. తడి తగిలిన కొబ్బరి నూనెకు వచ్చే వాసన వేరే చర్య, జలవిశ్లేషణ, దాన్ని దీనితో కలపకండి.

మరి యాంటీఆక్సిడెంట్ కొంచెం వేస్తే ఎలా ఆపుతుంది? ఆల్ఫా టోకోఫెరాల్ (విటమిన్ ఇ) పెరాక్సీ రాడికల్‌కు హైడ్రోజన్ ఇచ్చే స్థిరాంకం 32 లక్షలు. మూడు మోలార్ లినోలియేట్ ఎదురుగా ఒక మిల్లీమోలార్ టోకోఫెరాల్ పెట్టండి. కొవ్వు వైపు సెకనుకు 186, టోకోఫెరాల్ వైపు 3,200. మూడు వేల రెట్లు తక్కువ ఉండి కూడా 17 రెట్లు ముందుంటుంది. ఒక్కో టోకోఫెరాల్ అణువు రెండు రాడికల్స్‌ను ఆపి ఖర్చయిపోతుంది. అది ఉన్నంతకాలం నూనె బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అయిపోయాక మెల్లగా కాదు, ఒక్కసారిగా చెడుతుంది. ఎందుకంటే ఈలోపు పోగైన హైడ్రోపెరాక్సైడ్లు తామే విరిగి కొత్త గొలుసులు మొదలుపెడతాయి. తుప్పు పట్టిన డబ్బా అయితే ఇనుము ఆ విరగడాన్ని ఇంకా తొందర చేస్తుంది. మే నెల ఎండలో రేకుల షెడ్డులో మేత నిల్వ పెట్టేవాళ్లు వాసన వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

మీ ల్యాబు బీరువాలో టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ఈథర్ ద్రావణి సీసాలోనూ ఇదే చర్య. కంపెనీ వేసిన బీహెచ్‌టీ అనే యాంటీఆక్సిడెంట్, స్వేదనం చేశాక ఆ పాత్రలోనే మిగిలిపోతుంది, మీ చేతికొచ్చిన ద్రావణికి కాపలా ఉండదు. తేదీ రాయండి. పొటాషియం అయొడైడ్‌తో, కాస్త ఆమ్లం కలిపి పరీక్షించండి. పసుపు, గోధుమ రంగు వస్తే ఆ సీసాను వేడి చేయకండి. ఈథర్లను ఎప్పుడూ ఆఖరి చుక్కదాకా మరిగించకండి. ఈ ఒక్క మాట మాత్రం ఆజ్ఞగానే తీసుకోండి.

చివరిగా టిన్ సంగతి. టిన్ సమ్మేళనాలు విషపూరితం, ఉత్పన్నం నుంచి పూర్తిగా పోవు. అందుకే మందుల తయారీలో ఎవరూ ఇష్టపడరు. ట్రిస్‌ట్రైమీథైల్‌సైలైల్ సిలేన్ అనే దాతను 1980ల చివర్లో చట్జిలియలోగ్లు పరిచయం చేశాడు. 80 డిగ్రీల దగ్గర ప్రైమరీ కార్బన్ రాడికల్‌కు అది హైడ్రోజన్ ఇచ్చే స్థిరాంకం సుమారు 12 లక్షలు, అంటే టిన్ హైడ్రైడ్‌లో ఐదో వంతు. దాత నెమ్మదిస్తే గొలుసు కొంత పొట్టిదవుతుంది, ఆక్సిజన్ మీద జాగ్రత్త ఇంకా పెరగాలి. బదులుగా ఏదో లాభం కూడా ఉండాలి కదా.

బోర్డు మీద అంకెలు చెరపకుండా ఉంచుతున్నాను. అదే 6-బ్రోమో-1-హెక్సీన్, అదే 80 డిగ్రీలు, సిలేన్ 0.05 మోలార్. వలయం ఎంత శాతం వస్తుంది? టిన్ హైడ్రైడ్‌తో అంతే శాతం రావాలంటే దాన్ని ఎంతకు పలచన చేయాలి? ఐదు నిమిషాలు తీసుకుని లెక్క వేయండి. ఆ తర్వాత మీ ప్రశ్నలు వింటాను.